ఆత్మన్యూనతా భావం
తోటివారికంటే తాను తక్కువని, ఏమీ సాధించలేకపోయానని మనిషిని లోలోపల తొలిచే భావన. మనస్తత్వశాస్త్రంలో దీనికి పెద్దపీట వేసినవాడు వియన్నా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ (1870–1937). రికెట్స్ వల్ల ఒంటికి కట్లతో బల్ల మీద కూర్చుని, హాయిగా గెంతే అన్నను చూడటం ఆయన తొలి జ్ఞాపకాల్లో ఒకటి. 1911లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ నుంచి విడిపోయాడు. ఈ భావన రోగం కాదు, ఎదుగుదలకు ప్రేరణ. మనిషిని కదలనివ్వనప్పుడే చిక్కు అన్నది ఆడ్లర్ వాదన. ఆయన చెప్పినవాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే. ఈ భావనను పెంచే, ఇతరులతో పోల్చుకునే తీరును 1954లో అమెరికా మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింజర్ సిద్ధాంతీకరించాడు. తెలుగిళ్లలో ఆ పోలిక చాలాసార్లు ఈఏపీసెట్ (పూర్వపు ఎంసెట్) ర్యాంకుతో మొదలవుతుంది. ‘మీవాడికెంత వచ్చింది?’ అని చుట్టాలడిగితే పిల్లవాడి చేతిలో ముద్ద అక్కడే ఆగిపోతుంది. దిగులు వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.