పైథాన్ భాషలో పాత పద్ధతుల నిష్క్రమణ

1991లో గిడో వాన్ రోసుమ్ లోకమునకు అందించిన పైథాన్ భాష, 17 ఏండ్లు గడచునప్పటికి, పుట్టుకతో వచ్చిన కొన్ని లోపములను ఇక మోయజాలని స్థితికి చేరెను. వానిలో ప్రధానమైనది అక్షరములకు సంబంధించినది. రెండవ పైథానులో సామాన్యమైన స్ట్రింగు వస్తుతః బైట్ల వరుసయే. కావున యూటీఎఫ్-8లో వ్రాసిన ‘అ’ అను ఒక్క తెలుగక్షరమునకు పొడవెంతయని అడిగినచో మూడని బదులు వచ్చెడిది. ఆంగ్లాక్షరములతో నిరాటంకముగా నడచిన ప్రోగ్రాములు, ఒకనాడు తెలుగు పేరో చైనా పేరో తగిలినంతనే దోషము ప్రకటించి ఆగిపోవుచుండెడివి. మన లిపివంటి లిపులు గల జాతులకు ఈ దోషనివారణము న్యాయముగా రావలసినదేయని నా దృఢవిశ్వాసము.

2008 డిసెంబరు 3న వెలువడిన మూడవ పైథాను (3.0) ఆ దోషమును సమూలముగా ఛేదించెను. ప్రింట్ ఆజ్ఞ ఫంక్షనుగా మారెను. 7ను 2చే భాగించిన 3 అనుచుండిన భాష 3.5 అనసాగెను. పాత ప్రోగ్రాములు మాత్రము అందులో నడువవయ్యెను.

ముందుచూపు లేక చేసిన పని యని దీనిని అనరాదు. పాతదానిని తొలగించుటకు ముందు కనీసము ఒక వత్సరము గడువీయవలెనని ఐదవ పెప్ (పైథాన్ మెరుగుదల ప్రతిపాదన) పత్రము అంతకు ఎన్నో ఏండ్లముందే విధించియుండెను. పాత ప్రోగ్రామును క్రొత్తరీతిని తిరుగవ్రాయు ‘2టు3’ అను పనిముట్టును సిద్ధమయ్యెను. అయితే లైబ్రరీలను పోషించువారు, తమ వాడుకరులు రెండు పైథానులయందును ఉండుటచే పాతను విడువజాలక, ఒకే ప్రోగ్రామును రెండింటను నడిపించు మార్గమును వెదకిరి. అప్పుడు నిర్మాతలు చేసిన పని నాకు మిక్కిలి ప్రశంసనీయముగా తోచును: స్ట్రింగునకు ముందుంచు ‘యూ’ అక్షరమునకు క్రొత్త భాషలో ప్రయోజనమేమియు లేకున్నను, 3.0లో తొలగించిన దానినే 2012లో 3.3తో మరల అంగీకరించిరి. పరుల శ్రమను తలచి తన నిర్ణయమును సడలించుకొనుటకు గొప్ప వినయము కావలెను. 2015తో ముగియవలసిన రెండవ పైథాను (2.7) పోషణమును సైతము 2014లో 2020 వరకు పొడిగించిరి; కడపటిదగు 2.7.18 2020 ఏప్రిలులో వెలువడెను.

తొలగింపునకు ముందిచ్చు హెచ్చరిక ఎవరి కంటబడవలెనన్నదియు చిక్కుప్రశ్నయే. డిప్రికేషన్ వార్నింగులు ప్రోగ్రామును వ్రాసినవానికి గాక వాడువానికి కనబడి కలవరపెట్టుటచే 2.7లో వానిని మరుగుపరచిరి, దానితో వ్రాయువారిలో పెక్కురు వానిని చూడకయే పోయిరి, తుదకు 3.7లో, వ్రాయువాడు తాను స్వయముగా నడుపు ముఖ్య ప్రోగ్రామునందు మాత్రము అవి కనబడునట్లు చేసిరి.

ఇప్పుడు తొలగింపునకు ముందు కనీసము రెండు విడుదలలలో హెచ్చరిక ఉండవలెనని 387వ పెప్ నిర్దేశించుచున్నది. సీజీఐ మొదలగు 19 కాలము చెల్లిన మాడ్యూళ్లు 3.11లో హెచ్చరికకు పాత్రములై, 2024 అక్టోబరునాటి 3.13లో గాని తొలగలేదు. వానిలో సీజీఐ, విడువలేనివారి కొరకు, పైథాన్ ప్యాకేజీల భాండాగారమగు పైపీఐలో వేరు ప్యాకేజీగా నేటికిని లభించుచున్నది.