ఓకే

ఓకే (ఓ.కె.) ఒప్పుకోలును, ఆమోదాన్ని, "ఫరవాలేదు" అన్న భావాన్ని తెలిపే ఇంగ్లిష్ మాట. అమెరికాలోని బోస్టన్ నగరంలో పుట్టింది. 1839 మార్చి 23న తొలిసారి అచ్చయింది. మాటలకు సాధారణంగా పుట్టినతేదీ ఉండదు. జనం నోట ఏళ్ల తరబడి నలిగాక గాని కాగితం మీదికి ఎక్కవు. దీనికి మాత్రం పత్రిక పేరు, సంపాదకుడి పేరు, పేజీతో సహా ఆధారం దొరికింది. అయినా ఈ మాట చుట్టూ పుట్టినన్ని కట్టుకథలు మరే ఇంగ్లిష్ మాట చుట్టూ పుట్టి ఉండవు.

పుట్టుక

1830ల చివర బోస్టన్ పత్రికలకు పొడి అక్షరాల పిచ్చి పట్టింది. నాలుగు మాటలు రాయాల్సిన చోట నాలుగు అక్షరాలు రాసి వదిలేసేవారు. కొన్నాళ్లకు అదీ చప్పబడి, ముందు కావాలని తప్పు స్పెల్లింగు రాసి, ఆ తప్పును కుదించడం మొదలుపెట్టారు. "ఆల్ రైట్"ను చదువురాని వాడు రాసినట్టు రాసి, దాన్ని ఓ.డబ్ల్యు. చేశారు. "నో యూజ్" అలాగే కె.వై. అయింది.

బోస్టన్ మార్నింగ్ పోస్ట్ సంపాదకుడు చార్లెస్ గోర్డన్ గ్రీన్ కూడా ఆ తానులో ముక్కే. ఒక సరదా సంఘం సభ్యుల ప్రయాణం గురించి, పొరుగూరు ప్రావిడెన్స్‌ పత్రికను ఆటపట్టిస్తూ రెండో పేజీలో చిన్న వార్త రాశాడు. అందులో ఓ.కె. అని వేసి, పాఠకులకు తెలియదేమోనని "ఆల్ కరెక్ట్" అన్న అర్థం పక్కనే ఇచ్చాడు. "ఆల్" మొదలవ్వాల్సింది ఏతో, "కరెక్ట్" మొదలవ్వాల్సింది సీతో. అంతా సరిగ్గా ఉందని చెప్పే మాటలో ఉన్న రెండక్షరాలూ తప్పే కావడం ఇందులోని చమత్కారం.

ఎన్నికల సాయం

ఆనాటి పొడి అక్షరాల్లో చాలా భాగం ఒకటి రెండేళ్లలో చచ్చిపోయాయి. ఓకే బతకడానికి 1840 అధ్యక్ష ఎన్నికలు కారణమయ్యాయి. రెండోసారి బరిలో దిగిన మార్టిన్ వాన్ బ్యూరెన్ సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. అభిమానులు ఆయన్ను "ఓల్డ్ కిండర్‌హుక్" అనేవారు. ఆ పేరులోని మొదటి అక్షరాలు ఓకేతో కలిసిరావడంతో న్యూయార్క్‌లో ఆయన పార్టీవాళ్లు ఓ.కె. క్లబ్బు పెట్టి ఊరేగారు. ప్రత్యర్థులు ఊరుకుంటారా? వాన్ బ్యూరెన్‌కు ముందు అధ్యక్షుడిగా చేసిన ఆండ్రూ జాక్సన్‌కు స్పెల్లింగు రాదనీ, "ఆల్ కరెక్ట్" అనుకుని ఫైళ్ల మీద ఓ.కె. అని రాసేవాడనీ కథ అల్లి పత్రికల్లో వేశారు. వాన్ బ్యూరెన్ ఎన్నికల్లో ఓడిపోయాడు. మాట మాత్రం దేశమంతా పాకింది. పైగా జాక్సన్ కథను జనం నిజమని నమ్మడంతో, ఫైలు మీద ఓ.కె. అని రాసే అలవాటుకు ఒక పెద్దమనిషి పేరు తోడైంది.

నిజం బయటపడిన తీరు

ఈ చరిత్రను వెలికి తీసినవాడు కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెన్ వాకర్ రీడ్. 1941లో ఆయన ఓ.కె. క్లబ్బు సంగతి బయటపెట్టాడు. పాత పత్రికలు తిరగేస్తూ ఇంకా వెనక్కి వెళ్లి, 1963-64లో "అమెరికన్ స్పీచ్" పత్రికలో వరసగా రాసిన వ్యాసాల్లో గ్రీన్ వార్తను చూపాడు. ఆ ఒక్క ముక్కతో ఆయన తృప్తిపడలేదు. అదే తరహా తప్పుల పొడి అక్షరాలు అంతకుముందే వాడుకలో ఉన్నాయనీ చూపించడంతో వాదానికి బలం వచ్చింది.

1839 అన్న తేదీ ముందు నిలవలేని కథలు చాలా ఉన్నాయి. యుద్ధంలో "ఎవరూ చావలేదు" అనడానికి సున్నా పక్కన కె రాసేవారన్న కథ అమెరికా అంతర్యుద్ధానికి ముడిపెట్టి చెబుతారు. ఆ యుద్ధం మొదలైంది 1861లో. "అన్నీ బాగున్నాయి" అనే గ్రీకు "ఓలా కలా", పశ్చిమ ఆఫ్రికా వోలోఫ్ భాషలోని "వావ్ కే" కూడా పోటీలో ఉన్నాయి. ఉచ్చారణ పోలిక తప్ప రాతలో వీటికి దారి కనిపించదు. అమెరికా ఆదివాసుల చోక్తా భాషలో "అంతే, నిజమే" అనే అర్థం వచ్చే "ఓకె" కాస్త గట్టి వాదన. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ దీన్ని నమ్మి ఫైళ్ల మీద చోక్తా పద్ధతి స్పెల్లింగే రాసేవాడు. ఓక్లహోమా రాష్ట్రం పేరు చోక్తా మాటే గాని దానికి "ఎర్ర జనం" అని అర్థం. ఆ రాష్ట్రపు తపాలా సంకేతం ఓకే కావడం కేవలం కాకతాళీయం.

వ్యాప్తి

తంతి కార్యాలయాలు, రైల్వేలు ఈ మాటను బాగా వాడాయి. సందేశం అందిందని చెప్పడానికి రెండక్షరాలు చాలు. విశేషణంగా మొదలై క్రియగానూ మారింది. కంప్యూటర్ తెరమీది ఓకే బొత్తానికీ ఒక ముచ్చట ఉంది. ఆపిల్ సంస్థ లిసా కంప్యూటర్ తయారీలో మొదట ఆ చోట "డూ ఇట్" అని రాశారు. పరీక్షకు కూర్చున్న ఒకాయన మొహం చిట్లించాడు. ఆ రెండు మాటలు దగ్గరగా ఉండటంతో, ఇంగ్లిష్ పెద్ద ఐ అక్షరం చిన్న ఎల్‌లా కనబడి, ఆయనకు అది "డోల్ట్" అని, అంటే మొద్దు అని తోచింది. దాంతో ఓకే పెట్టారు.

అర్థం, తెలుగులో వాడుక

ఓకే అనడంలో ఒప్పుకోలు ఉంటుంది, మెప్పు ఉండదు. ఈ తేడా తెలుగు వాడుకలో స్పష్టంగా కనిపిస్తుంది. "సంబంధం ఓకే అయింది" అంటే కుదిరిందని. దర్శకుడు "షాట్ ఓకే" అంటే మరో టేక్ అక్కర్లేదని. పై అధికారి చేత "ఓకే చేయించుకు రా" అంటే సంతకం పెట్టించుకు రమ్మని. ఇవన్నీ పని తేలిపోయిన సందర్భాలు. "సినిమా ఎలా ఉంది?" అన్నప్పుడు వచ్చే "ఓకే" మాత్రం "పర్లేదు" దగ్గరే ఆగుతుంది, దాన్నే రెండుసార్లు "ఓకే ఓకే" అంటే అంతంతమాత్రమని అర్థం. పొద్దుటి నుంచి వంటింట్లో నిలబడి చేసిన కూరకు ఈ జవాబు చెబితే ఏమవుతుందో తెలుగు భర్తలకు వేరే చెప్పనక్కర్లేదు. ఫోన్లో "ఓకే అండీ, ఉంటాను" అన్నప్పుడు దానికి అర్థమే లేదు, మాట ముగించే గుర్తు మాత్రమే.

ఓకే చేతి సైగ కథ వేరు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే చాలాచోట్ల బాగుందని, జపాన్‌లో డబ్బని, బ్రెజిల్‌లో బూతు. సముద్రంలో మునిగే డైవర్లు తాము క్షేమమని చెప్పడానికి ఈ సైగే వాడతారు. వాళ్ల భాషలో బొటనవేలు పైకెత్తితే పైకి వెళ్దామని అర్థం.