వన్స్‌మోరుకు బదులు చెప్పని తెర

బెజవాడవద్ద 1852–55 సంవత్సరముల నడుమ కృష్ణకు ఆనకట్ట కట్టబడి, పశ్చిమ డెల్టాలోనికి కాలువలు పారి, అంతకుముందు వానమబ్బుకై మొగమెత్తి చూచిన పొలములు మాగాణులై, ఏటేట వరి పండి రైతు చేతిలో నాలుగు రూకలు నిలువజొచ్చిన తరువాతనే, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో నాటకకళకు నిలకడయైన పోషణము దొరకినది. రాజాస్థానములు లేని ఈ సీమలో కుప్ప నూర్చి ధాన్యమమ్ముకొన్న రైతు, ఆ ధాన్యము కొన్న వర్తకుడు, తాలూకా కచేరీ గుమాస్తా, ప్లీడరు, బడిపంతులు, వీరే టిక్కెట్టు కొని కూర్చుండిన ప్రభువులు. మద్రాసు రైలుమార్గము తెనాలి, బాపట్లల మీదుగ సాగుటయు, 1916లో గుంటూరునుండి తెనాలి మీదుగ రేపల్లెకు శాఖామార్గము పడుటయు, తెరలను, నగల పెట్టెలను, హార్మోనీలను మోసికొని ఊరూర తిరుగు సమాజములకు మహోపకారమైనది. రైలు ఆగిపోవు రేపల్లెలో నాటకమన్నచో, పెనుమూడి రేవు దాటి దివిసీమవారును వచ్చెడివారు.

నాటి నాటకము రాత్రి భోజనములైన పిమ్మట మొదలై తెల్లవారుజామువరకు సాగెడిది. పెట్రోమాక్సు దీపముల వెలుగులో, హార్మోనీ శ్రుతిలో, నటుడు ఒక పద్యము నెత్తుకొని దాని చివర రాగము నెంతసేపు సాగదీయవలయునో ఆనాటి సభయే నిర్ణయించెడిది. సభకు నచ్చినచో చాపలమీదినుండియు కుర్చీలలోనుండియు ఒక్కుమ్మడిగా ‘వన్స్‌మోర్’ అను కేక లేచెడిది. లేచినదా, కథ అక్కడ నిలిచిపోవలసినదే, కృష్ణుడైనను దుర్యోధనుడైనను ఆ పద్యమును మరల నెత్తుకొనవలసినదే. చచ్చి రంగముపై పడియున్న పాత్ర ఆ కేక విని లేచి, పద్యము మరల పాడి, మరల చచ్చిన ముచ్చటలు ఈ సీమలో నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. విజ్ఞులు దీనిని రసభంగమనిరి, మోటుతనమనిరి. వారి మాటలో సత్యము లేకపోలేదు. కాని ఆ కేకలో ఒక హక్కు కూడ ఇమిడియున్నది. టిక్కెట్టు కొన్నవాడు నాటకమును చూచుటకే గాక, ఆ రాత్రికి దానిని తన యిష్టము చొప్పున మలచుకొనుటకును వెల చెల్లించినాడు. కాంట్రాక్టు నాటకములు ఈ హక్కును మరింత పెంచినవి. కాంట్రాక్టరు వేర్వేరు సమాజముల మేటినటుల నొక్క రాత్రికి కుదిర్చి, రిహార్సలు లేకయే రంగమెక్కించి, ఒకే నాటకమున ఇద్దరు ముగ్గురు కృష్ణులను దింపినపుడు, వారిలో ఎవడు కృష్ణుడో తేల్చవలసినవాడు ప్రేక్షకుడే.

ఈ హక్కును గౌరవించుచునే దానిని శాసించిన మహానటుడు స్థానం నరసింహారావు. 1913లో ప్రథమాంధ్ర మహాసభ జరిగిన బాపట్లలోనే 1902లో ఆయన జన్మించెను. 1920 ప్రాంతమున అక్కడ హరిశ్చంద్ర నాటకమున చంద్రమతి వేషధారి రాకపోగా, ఆ లోటు తీర్చుటకై రంగమెక్కిన యువకుడు, పిదప తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి, సత్యభామగ, చింతామణిగ, రోషనారగ, చిత్రాంగిగ, మధురవాణిగ ఆంధ్రదేశమునంతటిని మెప్పించెను. ముత్తరాజు సుబ్బారావు రచించిన ‘శ్రీకృష్ణ తులాభారము’లో సత్యభామ వేషము ఆయన పేరుతో పెనవైచికొనిపోయినది. ఆ నాటకమునకు ఆయన స్వయముగ వ్రాసి చేర్చుకొన్న ‘మీరజాలగలడా’ పాటను సభ సభకును అభినయ భేదముతో పాడెడివాడని ప్రసిద్ధి. ఎదుట కూర్చున్నవారి ఊపిరి ననుసరించి అలుక హెచ్చెడిది, గర్వము తగ్గెడిది. 1956లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నొసగినది. పురుషుడు స్త్రీవేషము వేయుట అప్పటికే వెనుకబట్టుచున్న ఆచారము. అయినను సత్యభామ యనగా స్థానమువారే గుర్తుకు వచ్చిన తరము తెనాలిలోను బాపట్లలోను చాలకాలము నిలిచినది.

ఇట్టి ప్రేక్షకుల నడుమకు టాకీ వచ్చినది. 1932లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున వెలువడిన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ నాటకమును ఆధారము చేసికొన్నదే. అందలి హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి సురభి కమలాబాయి, ఇరువురును రంగస్థలమువారే. తెరపై బొమ్మ మాటాడుటయే వింతయైన ఆ తొలిదినములలో లోపములు కంటికి ఆనలేదు. ఆ వింత తీరిన పిమ్మట పోలికలు మొదలైనవి. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారము’ చిత్రమైనది. సత్యభామగ ఋష్యేంద్రమణియు, కృష్ణుడుగ కపిలవాయి రామనాథశాస్త్రియు నటించిరి. కాంచనమాల, రేలంగి తొలిసారి తెరపై కనుపించినదియు అందే. అందరును సమర్థులే, పాటలో ఆరితేరినవారే. ఐనను చిత్రము విజయము పొందలేదు. మరుసటి సంవత్సరము ఒకే కథతో రెండు చిత్రములు పోటీపడి వెలువడినవి. ‘ద్రౌపదీ మానసంరక్షణము’లో దుర్యోధనుడు సాక్షాత్తు బళ్ళారి రాఘవ, కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు, ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’లో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ, కృష్ణుడు సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, ద్రౌపది కన్నాంబ. దేశవిదేశములలో కీర్తిగొన్న రాఘవ ఉన్న చిత్రమే ఓడిపోయినది.

అన్నిటికంటె విచిత్రమైన ఘట్టము 1942లో వై.వి. రావు తీసిన ‘సత్యభామ’. అందు స్థానమువారున్నారు, సత్యభామ కూడ ఉన్నది. కాని సత్యభామ పుష్పవల్లి, స్థానమువారు శ్రీకృష్ణుడు. స్త్రీపాత్రకు స్త్రీయే తగునని తెర నిశ్చయించిన పిదప ఇది న్యాయమే, అనివార్యమే. ఐనను రెండు దశాబ్దములు ఏ భామ అలుకకు కరతాళములు మ్రోగించెనో, ఆ భామకే నేడు ఎదుట నిలిచి ఆమె అలుక తీర్చుచున్న నటుని చూచినపుడు, రంగస్థలపు స్థానమువారి నెరిగిన ప్రేక్షకునికి కలిగిన కలవరము ఊహింపరానిది కాదు. మనిషి వాడే, కథ అదే, పేరును అదే. లేనిది తాను కోరి వచ్చినది మాత్రమే.

ఈ ఆశాభంగమునకు విమర్శకులు మూడు కారణములు చెప్పుట కలదు. ఆరేడు గంటల నాటకమును రెండుమూడు గంటలకు కుదించుటచే పద్యములు తెగిపోయినవనుట ఒకటి. దూరపు ప్రేక్షకునికై పెంచిన గొంతును, చేతులూపును దగ్గరనుండి చూపుటచే నటన అతిశయముగ తోచినదనుట రెండవది. ఆనాటి యంత్రములలోని కొరత మూడవది. మూడును నిజములే గాని మూడును చాలవు. పద్యములు దండిగ ఉంచిన చిత్రములును చప్పబడినవి; యంత్రములు బాగుపడిన పిదప తీసినవియు నిరాశపరచినవి. అసలు కొరత వేరొకటి. తెనాలి ప్రేక్షకుడు హాలులో కూర్చుండి, తనకు నచ్చిన పద్యము ముగియగానే అలవాటు చొప్పున వన్స్‌మోర్ అని కేకవేసినను, తెరమీది కృష్ణుడు వినిపించుకొనకయే ముందునకు సాగిపోయెను. నాటకములో తనకున్న పాలు తీసివేసి, తక్కినదంతయు భద్రపరచి తెచ్చి చూపించినారని అతడు మాటలలో చెప్పలేకపోవచ్చును గాక, మనస్సునకు మాత్రము తెలిసినది.

1955లో పి. పుల్లయ్య దర్శకత్వమున ‘కన్యాశుల్కము’ చిత్రముగ వచ్చినపుడు ఈ వివాదము విద్వద్గోష్ఠుల కెక్కినది. 1892లో తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో గురజాడ చేతనే పునర్లిఖితమైన ఆ నాటకమును పంక్తి పంక్తియు కంఠస్థము చేసినవారు అప్పటికి ఈ మూడు పట్టణములలోను దొరకెడివారు. గిరీశముగ ఎన్.టి. రామారావు, మధురవాణిగ సావిత్రి, రామప్పంతులుగ సి.ఎస్.ఆర్., సౌజన్యారావుగ తెనాలి సమీపమున రావికంపాడున పుట్టిన గుమ్మడి నటించిరి. తెనాలిలో వైద్యము చేయుచు నాటకములాడిన డాక్టరు గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధానులై అందరి మెప్పు నందెను. ఐనను, నాయకునికుండు ఆకర్షణ గిరీశమునకు అంటుకొన్నదనియు, మూలములో లేని పాటలు, గురజాడదే ఐనను వేరొకచోటిదైన పూర్ణమ్మ కథ వచ్చి చేరినవనియు మూలాభిమానులు నొచ్చుకొనిరి. చిత్రము చెడ్డదని వారు నిరూపింపలేకపోయిరి. నేడు చూచువారు దానిని మంచి చిత్రములలోనే చేర్చుదురు. చదువుచు, ఆడుచు, వాదించుచు తాము ఇన్నేండ్లు కల్పించుకొన్న గిరీశము తెరపై లేడన్నదే వారి అసలు ఫిర్యాదు.

ఇది ఒక్క డెల్టా సీమకే చెందిన చాపల్యమనుకొనరాదు. అమెరికాలో 1984లో ఆరంభమై అయిదు సీజనులు నడచిన ‘మయామీ వైస్’ అను పోలీసు ధారావాహికకు నిర్మాణసారథ్యము వహించిన మైకేల్ మాన్, 2006లో తానే దర్శకుడై దానిని చలనచిత్రముగ తీసెను. తండ్రియే బిడ్డను మరల పెంచినట్టి ఈ యత్నమును సయితము పాత అభిమానులు పెక్కురు తమదిగ అంగీకరింపలేదు. వారము వారము ఇంటికి వచ్చి పోయిన పోలీసువానితో వీక్షకుడు చేసికొన్న పరిచయము, మరుసటి వారమునకై వేచియుండుట, నడుమ స్నేహితులతో చేసిన తర్కము, ఇవన్నియు ఆ ధారావాహికలో అతడు వేసిన పెట్టుబడి. రెండు గంటల చిత్రమునకు ఆ పెట్టుబడితో పని లేదు. మన పోలీసు కథల విషయమును ఇంతే. 1973 నాటి హిందీ ‘జంజీర్’ మరుసటి సంవత్సరమే రామారావు నాయకుడుగ ‘నిప్పులాంటి మనిషి’యై తెలుగువారిని మెప్పించినది, అదే కథ 2013లో ‘తుఫాన్’ అను పేర మరల వచ్చి నిరాశపరచినది. మొదటిసారి వచ్చినపుడు మన ప్రేక్షకులలో పెక్కురకు ఆ కథపై పూర్వపు హక్కు లేదు. నలువది యేండ్లకు అందరును హక్కుదారులైరి.

అట్లైన ప్రసిద్ధ నాటకమును చిత్రముగ తీయుటయే తప్పా యన్నచో, ఆ మాటకు ప్రత్యుత్తరము తెనాలివాడే చెప్పెను. ఆలూరి వెంకటసుబ్బారావు, అనగా చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి నడపిన విజయా సంస్థ 1957లో ‘మాయాబజార్’ను వెలువరించినది. దానికి మూలము రంగస్థలమున ఊరూర ఆడిన శశిరేఖా పరిణయ కథ. చిత్రముగను అప్పటికే వచ్చినది. కాని దర్శకుడు కె.వి. రెడ్డియు, రచయిత పింగళి నాగేంద్రరావును నాటకమును భద్రపరుపబూనలేదు. పాండవులను కథలో కంటికి కనుపింపనీయలేదు. పద్యభారమును తగ్గించి వాడుకమాటకు పట్టము కట్టిరి. మార్కస్ బార్ట్లే కెమెరా చేత రంగమున సాధ్యము కాని మాయలు చేయించిరి. అన్నిటిని మించి, పురుషుడు స్త్రీవేషము వేయు పాత విద్యను తలక్రిందులు చేసిరి: శశిరేఖ రూపమున దాగిన ఘటోత్కచుని, అనగా ఆడుదాని ఒడలిలోని మగరక్కసుని, సావిత్రి అభినయించెను. నడక, కనుబొమ్మ, హుంకారము ఒక్క గడియలో స్త్రీనుండి పురుషునికి మారుచుండగ, చూచువాడు తానే ఆ రహస్యము నెరిగిన ఏకైకుడనని మురిసిపోయెను. కేకవేయు హక్కు పోయినచోట, కుట్రలో పాలుపంచుకొను హక్కు నతనికి చిత్రమిచ్చినది.

1966లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున ‘శ్రీకృష్ణ తులాభారము’ మరల వచ్చినపుడు సత్యభామ జమున. ఆమె పెరిగినది తెనాలికి కూతవేటు దూరముననున్న దుగ్గిరాలలో. స్థానమువారి పాట పెండ్యాల సంగీతమున, సుశీల కంఠమున, జమున కన్నులలో కొత్తగ పుట్టినది. స్థానమువారి అలుకను అనుకరింపక, తన అలుకను తాను అలిగినందుననే ఆమె ఆ పాత్రకు హక్కుదారయైనది. 1971లో స్థానమువారు మరణించిన పిదప పుట్టిన తరమునకు సత్యభామ యనగా జమునయే.

కావున పూర్వకృతిని మరల చేయబూనువాడు కథకు, పాత్రలకు, పేరునకు హక్కులు కొని కాగితములమీద సంతకములు చేయించుకొన్నంత మాత్రమున తన పని తీరినదని తలపరాదు. వాటికంటె బరువైన హక్కు ఒకటి, ఎవ్వరును వ్రాసియీయనిది, టిక్కెట్టు కొన్నవాని చేతిలో నిలిచియున్నది. దానిని తీసికొని బదులుగ మరియొకటి ఈయగలవాడు కొత్త కృతిని సృష్టించును. తీసికొని ఏమియు ఈయనివాడు ఎంత ధనము వ్యయించినను, ఎంత గొప్ప నటుని తెచ్చినను, హాలు వెలుపలికి వచ్చుచు మన ప్రేక్షకుడు మునుపటిది వేరనును. ఆ తీర్పుపై అప్పీలు లేదు.