పక్షి పంజరము శుభ్రత

పంజరము శుభ్రపరచుట అనగా ఇంట్లో పెంచే పక్షి ఉండే గూడును, అందులోని గిన్నెలను, వాలే కర్రలను రెట్ట, పొట్టు, బూజు లేకుండా ఉంచుట. ఇది పక్షి ఆరోగ్యానికే గాక ఇంటిలోని మనుషుల ఆరోగ్యానికి కూడా సంబంధించిన పని. యారాడ వంటి సముద్రతీర గ్రామాలలో కడుగుట కంటే ఆరబెట్టుట కష్టమైన భాగము.

పెంచదగిన పక్షులు

వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 ప్రకారము రామచిలుక వంటి దేశవాళీ అడవి పక్షులను పంజరములో ఉంచుట నేరము. పంజరము ఎంత శుభ్రముగా ఉన్నా ఇది మారదు. సాధారణముగా ఇళ్ళలో పెంచేవి ఆస్ట్రేలియాకు చెందిన బడ్జరిగార్, కాకటీల్ వంటి విదేశీ పక్షులు. మన బజారులలో బడ్జరిగార్లనే "లవ్ బర్డ్స్" అని అమ్ముతారు గాని అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికాకు చెందిన వేరే పక్షులు.

తీరప్రాంతపు ఇబ్బందులు

యారాడ విశాఖపట్నం ఓడరేవుకు దక్షిణాన, డాల్ఫిన్ నోస్ కొండకు ఆవలి వైపున ఉన్నది. ఈ గ్రామానికి మూడు వైపుల కొండలు, ఒక వైపు బంగాళాఖాతము. ఉప్పుగాలికి ఇనుప తీగలు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన గరుకులో రెట్ట ఇరుక్కుంటే బ్రష్షుతో రుద్దినా పోదు. జింకు పూత పూసిన తీగ నుండి పెచ్చులు లేచినచో పక్షి వాటిని కొరికి మింగుతుంది. జింకు పక్షులకు విషము. ఖరీదైనా స్టెయిన్‌లెస్ స్టీలు పంజరమే ఇచట మేలు.

రెండవ శత్రువు తేమ. తడిసిన కొర్రలలో, రాలిన పొట్టులో ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరుగుతుంది. దాని బీజములను పీల్చిన పక్షికి ఊపిరితిత్తుల వ్యాధి వస్తుంది, నయమగుట కష్టము. కావున కడిగిన పంజరమును పొడిగుడ్డతో తుడిచి, ఎండలో పూర్తిగా ఆరిన తరువాతనే పక్షిని లోపలికి వదలవలెను. వానాకాలములో ఎండ లేనప్పుడు ఫ్యాను కింద ఆరబెట్టవచ్చును. సగము ఆరిన పంజరము కంటే ఆ రోజుకు కడగని పంజరమే నయము.

శుభ్రపరచు విధానము

ట్రేలోని వార్తాపత్రిక కాగితమును ప్రతిదినము మార్చవలెను. నీటి గిన్నెను, గింజల గిన్నెను రోజూ కడగవలెను. నీటి గిన్నెలో వేలు పెట్టి చూసినప్పుడు జిగురుగా తగిలితే అందులో సూక్ష్మజీవులు పెరుగుతున్నట్లే.

వారానికి ఒకసారి పక్షిని వేరే పంజరములోకి మార్చి, మొత్తము గూడును గోరువెచ్చని సబ్బునీటితో కడగవలెను. క్రిమిసంహారము అవసరమైనచో లీటరు నీటికి సుమారు 30 మిల్లీలీటర్ల ద్రవరూప బ్లీచ్ కలిపి, పది నిమిషములు ఉంచి, వాసన పోయేవరకు మంచినీటితో కడగవలెను. రెట్ట అంటుకొని ఉండగా బ్లీచ్ సరిగా పనిచేయదు, కావున సబ్బు ముందు, బ్లీచ్ తరువాత. వాలే కర్రలుగా మందు కొట్టని వేప, జామ కొమ్మలను వాడితే పాడైనప్పుడు పారవేసి కొత్తవి పెట్టుకొనవచ్చును.

మనుషులకు సోకే వ్యాధి

సిట్టకోసిస్ అనే వ్యాధి క్లమిడియా సిట్టసి అనే బాక్టీరియా వలన కలుగుతుంది. గ్రీకు భాషలో సిట్టకోస్ అనగా చిలుక. 1929-30లో దక్షిణ అమెరికా నుండి దిగుమతి అయిన చిలుకల ద్వారా ఇది అనేక దేశాలకు వ్యాపించినది. ఎండిన రెట్ట పొడియై గాలిలో లేచినప్పుడు దానిని పీల్చిన మనిషికి జ్వరము, తలనొప్పి, పొడిదగ్గు వస్తాయి, న్యుమోనియాగా మారవచ్చును. డాక్సీసైక్లిన్ వంటి మందులతో నయమవుతుంది, అయితే ఇంట్లో పక్షి ఉన్నదని వైద్యునికి చెప్పకపోతే మామూలు జ్వరముగా పొరబడే అవకాశము ఎక్కువ.

అందుచేత పంజరమును ఎన్నడూ పొడిగా ఊడ్వరాదు. ముందుగా నీరు చిలకరించి, కాగితమును లోపలికి మడిచి తీయవలెను. ముక్కుకు మాస్కు కట్టుకొని, పని ముగిసిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పంజరపు గిన్నెలను వంటపాత్రల తొట్టిలో వేయరాదు.

వాడకూడనివి

పక్షుల శరీరములో ఊపిరితిత్తులకు తోడు గాలిసంచులు ఉండుటచే విషవాయువులు వాటిపై త్వరగా పనిచేస్తాయి. ఫినాయిల్, కలరా ఉండలు, దోమల స్ప్రే పంజరము దరికి రానీయరాదు. బ్లీచ్‌ను మరుగుదొడ్డి ఆసిడ్‌తో గాని వెనిగర్‌తో గాని కలిపితే క్లోరిన్ వాయువు వెలువడి మనిషికే ప్రమాదము. మాడిన నాన్‌స్టిక్ పెనము నుండి వచ్చే ఆవిరి నిమిషాలలో పక్షిని చంపగలదు, కావున పంజరమును వంటగదిలో ఉంచరాదు.

తుఫాను రోజులలో

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము వద్ద తీరము దాటినప్పుడు విద్యుత్తు, నీటి సరఫరా రోజుల తరబడి దెబ్బతిన్నవి. (హుద్‌హుద్ అనునది కూడా ఒక పక్షి పేరే.) అటువంటి సమయములో పంజరమును కిటికీలు లేని గదిలోకి మార్చి, పాత వార్తాపత్రికలను పాలిథిన్ సంచిలో పొడిగా దాచుకొనవలెను. నీరు కొరతగా ఉన్నప్పుడు కడుగుట మానివేసి, ట్రేలో నాలుగైదు కాగితములు ఒకదానిపై ఒకటి పరచి, పైదానిని రోజుకొకటి చొప్పున తీసివేస్తే సరిపోతుంది. ఉన్న మంచినీరు ముందుగా పక్షి తాగే గిన్నెకు.