సముద్రం పెట్టిన టైమ్‌టేబుల్

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లకి పట్టుబడ్డ బ్రిటిష్ ఆఫీసర్లలో పిట్టల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు వార్‌బర్గ్ శిబిరంలో కలిశారు. జాన్ బక్స్‌టన్, పీటర్ కాండర్, జార్జ్ వాటర్‌స్టన్, జాన్ బారెట్. ముళ్లకంచె ఇవతల నుంచి ఎంత కనిపిస్తే అంత చూడ్డం, చూసింది రాసిపెట్టుకోవడం, అదే వాళ్ల పని. తర్వాత ఇంకో శిబిరంలో, 1943లో, బక్స్‌టన్ తోటి ఖైదీలతో వంతులేసుకుని ఒకే ఒక రెడ్‌స్టార్ట్ జంటని ఎనిమిది వందల గంటలకి పైగా గమనించాడు. ఆ నోట్సులోంచే 1950లో ‘ది రెడ్‌స్టార్ట్’ పుస్తకం వచ్చింది. జర్మన్ శిబిరాల నుంచి సొరంగాలు తవ్వి పారిపోయినవాళ్ల మీద సినిమాలున్నాయి. కూర్చుని పిట్టని లెక్కపెట్టినవాళ్ల కథ అంతగా ఎవరికీ తెలీదు.

ఈ వ్యాసానికి కావలసినవాడు నాలుగోవాడు, బారెట్. యుద్ధం ముగిశాక, 1947లో ఆయన వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్ తీరంలో డేల్ ఫోర్ట్ అనే కోటకి వార్డెన్‌గా వెళ్లాడు. ఫ్రెంచివాళ్లు దండెత్తి వస్తారేమోనన్న భయంతో 19వ శతాబ్దంలో కట్టిన కోట అది. బారెట్ హయాంలో అందులోకి వచ్చింది బయాలజీ విద్యార్థులు. కొందరు యూనివర్సిటీల నుంచి, కొందరు స్కూళ్ల పైతరగతుల నుంచి. వారం రోజులు అక్కడే తిని, అక్కడే పడుకుని, కోట కిందున్న రాళ్ల ఒడ్డుని చదివి వెళ్లేవాళ్లు. బారెట్ 1968 దాకా అక్కడే ఉన్నాడు.

ఈ ఏర్పాటు వెనక ఉన్న ఆలోచన ఫ్రాన్సిస్ బట్లర్ అనే లండన్ స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌ది. నగరం పిల్లలు ప్రకృతిశాస్త్రం చదువుతున్నారు, కానీ ప్రకృతి దగ్గరికెళ్లి నాలుగు రోజులు ఉందామంటే చోటు లేదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తే అది పిక్నిక్కే. 1943లో, అంటే యుద్ధం ఇంకా నడుస్తుండగానే, దీనికోసం ఒక కౌన్సిల్ పెట్టారు. తర్వాతి కాలంలో దాని పేరు ఫీల్డ్ స్టడీస్ కౌన్సిల్ అయింది. మొదటి కేంద్రం 1946లో ఫ్లాట్‌ఫర్డ్ మిల్లులో తెరిచారు. చిత్రకారుడు కాన్‌స్టబుల్ తండ్రి నడిపిన మిల్లు అది. 1821 నాటి ‘ది హే వెయిన్’ బొమ్మలో ఎడమపక్క కనిపించే ఇల్లు కూడా ఆ ఆవరణలోదే. తొలి వార్డెన్ ఎరిక్ ఎనియన్ డాక్టరు, పక్షుల బొమ్మలు వేసేవాడు కూడా. 1935లో ‘ఎకోసిస్టమ్’ అనే మాటని ప్రపంచానికి ఇచ్చిన ఆర్థర్ టాన్స్‌లీ ఈ కౌన్సిల్‌కి అధ్యక్షుడిగా ఉన్నాడు.

అక్కడే ఎందుకు ఉండాలి? నాకు నచ్చిన జవాబు డేల్ ఫోర్ట్ కింద సముద్రంలో ఉంది. ఆ తీరంలో పెద్ద పోటుకీ పాటుకీ మధ్య నీటిమట్టం తేడా ఆరు మీటర్లు దాటుతుంది. అంటే రెండంతస్తుల ఇల్లంత ఎత్తు రోజుకి రెండుసార్లు మునిగి తేలుతుంది. పాటు వేళ రోజూ ఒకటే కాదు, రోజుకి దాదాపు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది. సోమవారం పొద్దున పదింటికి రాళ్లు తేలితే శుక్రవారం ఒంటిగంట దాటాకే తేలతాయి. అన్నిటికంటే కిందున్న రాళ్లు బయటపడాలంటే అమావాస్యో పౌర్ణమో దగ్గరపడాలి. మన మత్స్యకారులకి ఇది చెప్పక్కర్లేదు. కానీ ఏ స్కూలు గంటా దీనికి సరిపోదు. అందుకే అక్కడ భోజనం, క్లాసు, నిద్ర అన్నీ సముద్రం పెట్టిన టైమ్‌టేబుల్ ప్రకారం నడవాల్సిందే.

పని చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. నీటి అంచు నుంచి పైకి ఒక గీతలా తాడు పరుస్తారు. ఎత్తు కొలుచుకుంటూ, మెట్టుమెట్టుకీ అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు ఉన్న చతురస్రపు చట్రాన్ని రాళ్ల మీద పెట్టి, లోపల ఏమున్నాయో లెక్కపెడతారు. దాన్నే క్వాడ్రాట్ అంటారు. రాయికి అతుక్కున్న బార్నకిల్స్, టోపీ బోర్లించినట్టుండే లింపెట్లు, రకరకాల సముద్రపు నాచు. రెండు ఒడ్లనో రెండు రకాల రాళ్లనో పోల్చాలనుకోండి, అప్పుడు చట్రం ఎక్కడ పెట్టాలో విద్యార్థి కన్ను నిర్ణయించకూడదు, యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక నిర్ణయించాలి. కంటికి వదిలేస్తే అది జీవాలు నిండుగా ఉన్న చోటికే పోతుంది. చట్రంలో ఏమీ లేకపోతే సున్నా వేయాలి. ఆ సున్నా కూడా సమాచారమే. రోజూ డేటాతో పనిచేసేవాడిగా చెప్తున్నా, ఈ ఒక్క విషయం పదిహేడేళ్లకే చేతికి తెలియడం మామూలు సంగతి కాదు.

ఇలా లెక్కపెడితే ఒడ్డు పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. పైన ఒక రకం నాచు, దాని కింద ఇంకోటి, ఇంకా కింద మరోటి. ఎందుకలా? 1961లో జోసెఫ్ కానెల్ స్కాట్లండ్‌లోని ఒక దీవిలో రెండు రకాల బార్నకిల్స్ మీద చేసిన ప్రయోగం ప్రచురించాడు. పైన ఉండే రకం కిందా బతకగలదు. కానీ అక్కడ రెండో రకం దాన్ని నొక్కేసి చోటు లాక్కుంటుంది. ఆ రెండో రకమేమో పైకొస్తే ఎండకి తట్టుకోలేదు. ఇప్పుడిది మన పాఠ్యపుస్తకాల్లో కూడా ‘పోటీ’ కింద రెండు వాక్యాల్లో ఉంది.

అదే ఏడాది బిల్ బాలంటైన్ డేల్ చుట్టుపక్కల ఒడ్లని చూసి, అలల తాకిడి ఎంతో అక్కడ బతికే జీవాలని బట్టే చెప్పే ఎనిమిది మెట్ల కొలబద్ద ఒకటి ప్రచురించాడు. పరికరం అక్కర్లేదు, ఒడ్డే పరికరం. ఆయన తర్వాత న్యూజిలాండ్ వెళ్లి, లీలో సముద్ర అభయారణ్యం కోసం ఏళ్ల తరబడి పోరాడి 1975లో సాధించాడు.

డేల్ పక్కనున్న మిల్ఫర్డ్ హేవెన్‌లోకి 1960లో చమురు వచ్చింది. 1967లో ‘టోరీ కాన్యన్’ ఓడ కార్న్‌వాల్ దగ్గర పగిలాక, చమురు కన్నా దాన్ని కడగడానికి చల్లిన డిటర్జెంట్లే ఒడ్డుని ఎక్కువ చంపాయని తేలింది. అదే ఏడాది కౌన్సిల్ తన ఓరియెల్టన్ కేంద్రంలో చమురు కాలుష్య పరిశోధన విభాగం పెట్టింది. 1996 ఫిబ్రవరిలో ‘సీ ఎంప్రెస్’ నుంచి 72,000 టన్నుల ముడిచమురు ఆ హేవెన్ ముఖద్వారం దగ్గరే సముద్రం పాలైంది. ఏం పోయిందో చెప్పాలంటే ముందు ఏముందో తెలియాలి. పిల్లల లెక్కలే ఆ జవాబు ఇచ్చాయని నేను అనడం లేదు. కానీ పిల్లలకి నేర్పడం కోసం పెట్టిన చోటు ఉండబట్టే, ఆ ఒడ్డు తెలిసిన మనుషులు తరం తర్వాత తరం అక్కడ తయారయ్యారు.

ఇంత చరిత్ర ఉన్న దేశంలోనూ ఈ అలవాటు పలచబడటానికి దారి తెరిచే ఉంది. ఇంగ్లండ్‌లో 2015 నుంచి ఎ-లెవెల్ బయాలజీ ప్రాక్టికల్స్‌ని గ్రేడు నుంచి విడదీశారు. ప్రాక్టికల్స్ చేశాడా లేదా అన్నది విడిగా రాస్తారు. ఎకాలజీ శాంపిలింగ్ జాబితాలో ఉంది, కానీ స్కూలు వెనక గడ్డిలో ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. జాగ్రఫీ ఎ-లెవెల్‌కి మాత్రం కనీసం నాలుగు రోజుల ఫీల్డ్‌వర్క్ నిబంధన ఉంది. బయాలజీకి రోజుల లెక్క లేదు. లెక్క లేని చోట బడ్జెట్ కోత ముందు దేని మీద పడుతుందో ఊహించడం కష్టం కాదు.

మన సంగతి చూస్తే, నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 బయాలజీవి. వాటిలో ఎకాలజీవీ ఉంటాయి. చెరువుగట్టు తొక్కకుండానే వాటన్నిటికీ సరైన ఆప్షన్ పెట్టొచ్చు. మన దగ్గర పరికరాల్లేవనేది సాకు మాత్రమే. 1957లో ఇండియాకి వచ్చిన హాల్డేన్, ఖరీదైన లాబ్ లేకుండా కూడా మంచి బయాలజీ చేయొచ్చని చెప్పేవాడు. ఆయన శిష్యుడు, తెలుగువాడైన కృష్ణ ద్రోణంరాజు, లాంటానా పొదల దగ్గర నిలబడి ఏ రంగు పువ్వు మీద ఏ సీతాకోకచిలుక ఎన్నిసార్లు వాలుతోందో లెక్కపెట్టాడు. ఆ లెక్కలు 1960లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి.

క్వాడ్రాట్‌కి నాలుగు ప్లాస్టిక్ పైపు ముక్కలు చాలు. భీమిలి దగ్గర రాళ్లున్నాయి, కోరింగలో మడ అడవులున్నాయి, ప్రతి జిల్లాలో చెరువులున్నాయి. లేనివి ఐదు రోజులు. ఇంటర్ రెండేళ్ల క్యాలెండర్‌లో, ర్యాంకుతో సంబంధం లేని ఐదు రోజులు. వాటిని అడగాల్సింది పిల్లలు కాదు, ఫీజు కట్టే మనం.