డార్విన్ గీసిన చెట్టు, వ్రాసిన వరుస

ఒక విషయమును గూర్చి ఆలోచించి వ్రాయబూనిన విద్యార్థికి రెండు మార్గములు కలవు. ముఖ్యమైన మాటను కాగితము నడుమ వ్రాసి, తక్కిన భావములను దానినుండి కొమ్మలవలె గీయుట ఒకటి. దీనిని నేడు మైండ్ మ్యాప్ అందురు. శీర్షికలను, ఉపశీర్షికలను ఒకదానిక్రింద నొకటి వ్రాసికొనుట రెండవది, ఇది రూపరేఖ. మైండ్ మ్యాప్ అను పేరు 1970 తరువాత టోనీ బుజాన్ అను ఆంగ్ల రచయిత వలన వ్యాప్తిలోనికి వచ్చినను, కొమ్మల బొమ్మతో ఆలోచించుట చాల పాతది. ఈ రెండింటిలో ఏది ఎప్పుడు పనికివచ్చునో చార్లెస్ డార్విన్ వ్రాతప్రతులు చక్కగా తెలుపును.

1831 నుండి 1836 వరకు బీగిల్ ఓడలో ప్రపంచమును చుట్టివచ్చిన డార్విన్, 1837లో జీవజాతుల మార్పును గూర్చి ఒక నోటుపుస్తకమును ప్రారంభించెను. దాని 36వ పుటలో, ఇది తన తలంపు మాత్రమేనని తెలుపు రెండు మాటలు వ్రాసి, క్రింద చెట్టువంటి బొమ్మ గీసెను. మొదట నున్న 1 అను అంకె మూలజాతి. అడ్డుగీతతో ముగిసిన కొమ్మలు జీవించియున్న జాతులు. అడ్డుగీత లేనివి నశించినవి. కొన్ని జాతులు దగ్గరి చుట్టములుగను, కొన్ని మిక్కిలి దూరముగను ఏల కనబడుచున్నవో ఆ బొమ్మనుబట్టి ఒక్కచూపులో తెలియును. జాతులను వరుసగా వ్రాసిన పట్టికలో ఈ సంబంధము ఇంత సులభముగా కనబడదు.

అయితే కొమ్మలు ఏ కారణమున చీలినవో బొమ్మ చెప్పలేదు. 1838లో మాల్థస్ గ్రంథమును చదివిన పిమ్మట డార్వినుకు ప్రకృతి వరణము అను భావము స్ఫురించెను. 1842లో ఆయన తన సిద్ధాంతమును పెన్సిలుతో 35 పుటలలో సంగ్రహించెను. ముందుగా పెంపుడు జీవులలోని మార్పులు, పిదప ప్రకృతిలోని వరణము, అటుపై శిలాజములు, భూమిపై జీవుల వ్యాప్తి మున్నగు సాక్ష్యములు: ఇది అందలి వరుస. 1844లో దానిని 230 పుటలకు పెంచెను. తాను హఠాత్తుగా మరణించినచో దానిని ప్రకటింపవలసినదనియు, అందుకై 400 పౌనులు వినియోగింపవలసినదనియు ఆ జూలైలో భార్య ఎమ్మాకు లేఖ వ్రాసియుంచెను. చెట్టుబొమ్మ ఒక్కటే మిగిలియున్నచో, దానిని చూచి ఆ సిద్ధాంతమును లోకమునకు వివరింపగలవారెవరు?

1858లో ఆల్ఫ్రెడ్ వాలెస్ అట్టి సిద్ధాంతమునే వ్రాసి పంపినపుడు, డార్విన్ 1844 వ్యాసమునందలి కొంతభాగము వాలెస్ వ్యాసముతోపాటు లండన్ లిన్నియన్ సొసైటీలో చదువబడెను. ఆ ఆలోచన డార్వినుకు ఎంత పూర్వమే కలిగెనో దానివలన స్పష్టమయ్యెను. 1859లో వెలువడిన ఆయన మహాగ్రంథము కూడ పెంపుడు జీవులతోనే ప్రారంభమైనది. అందుగల ఒకే ఒక పటము కొమ్మల పటమే. కాని ఇప్పుడు దానివెంట పుటలకొలది వివరణ కలదు.

కావున పాఠారంభమున విద్యార్థులకు తోచిన భావములను నల్లబల్లపై కొమ్మలుగా గీయుట మంచిది. భావముల సంబంధములు బయటపడును. అంతటితో ఆగరాదు. ఆ కొమ్మలలో ఏది ముందు, ఏది వెనుక, ఏది కారణము, ఏది సాక్ష్యము అని నిర్ణయించి వరుసగా వ్రాయింపవలెను. ఆ వ్రాతను ప్రక్కవిద్యార్థి చదివి తిరిగి చెప్పగలిగినచో పని పూర్తియైనట్లే.