నికా పుస్తకమే మా షజ్రా

కొల్లాపూర్ చరిత్ర అనగానే సురభి రాజులు, జటప్రోలు సంస్థానం, కోట గుర్తొస్తాయి. రాజుల వంశావళి రాయడానికి ఆస్థాన కవులున్నారు. మరి దూదేకినవాళ్లకు, గుర్రాలకు లాడాలు కొట్టినవాళ్లకు, సంతలో గాజులు తొడిగినవాళ్లకు వంశావళి ఎవరు రాయాలె?

ముస్లింలకు షజ్రాలుంటాయి కదా అంటారు. ఉంటాయి, కానీ ఎవరికి? ఎక్కువగా సయ్యదులకు, పీర్జాదాలకు, ఇనాం భూములున్న ఇళ్లకు. అందులోనూ గీత తండ్రి నుంచి కొడుక్కే పోతుంది. ఆడబిడ్డల పేర్లు కనపడవు. మాలో చాలామందికి ఇంటిపేరే లేదు.

అయినా పేదల పేర్లు ఒకచోట పడ్డాయి. ఖాజీ దగ్గరి నికా పుస్తకంలో. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, ఇద్దరి తండ్రులు, సాక్షులు, మెహర్, తారీఖు. ఒక్క పేజీలో రెండు ఖాందాన్లు. ఆడబిడ్డ పేరు లేకుండా ఆ పేజీయే లేదు.

పక్కవాడ సంగతీ ఇదే. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాలలో మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ పనిచేసింది. ఆ మిషన్ బోర్డు కాగితాలు అమెరికాలోని ఫ్రెస్నోలో భద్రంగా ఉన్నాయి. ఆ దొరలు రాసుకున్నది అక్కడ చదవొచ్చు. దళిత క్రైస్తవ కుటుంబాల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు మాత్రం ఊరి చర్చి పుస్తకాల్లోనే వెతకాలె. హైదరాబాదు తార్నాకలోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు ఫార్సీ కాగితాలే లక్షకు పైగా ఉన్నాయి. అవి సర్కారు తన లెక్కల కోసం రాసుకున్నవి.

శ్రీశైలం ప్రాజెక్టులో కృష్ణ ఒడ్డు ఊర్లు మునిగినప్పుడు జటప్రోలు గుళ్లను రాయి రాయి విప్పి వేరేచోట కట్టారు. మంచి పనే. చెల్లాచెదురైన మనుషుల పేర్లను కూడా అట్లా ఎత్తిపెట్టాలె కదా!

కాగితం విలువ ఏమిటో అస్సాం చూపింది. 2019 ఆగస్టు 31న వెలువడిన పౌర జాబితాలో 19 లక్షల మందికి పైగా చోటు దక్కలేదు. వాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. 1971 మార్చి 24 నాటికి తాతముత్తాతలు అక్కడున్నారనీ, తాము వాళ్ల సంతానమనీ రుజువు చూపాలన్నారు. పెళ్లయి వేరే ఊరికి పోయిన ఆడవాళ్లు పుట్టింటితో చుట్టరికం చూపలేక ఎక్కువ నలిగారు.

పాత నికా పుస్తకాలు ఉర్దూలో ఉన్నాయి. తెలుగు బడిలో చదివిన మనవళ్లకు ఆ అక్షరాలు రావు. చదవగలిగిన పెద్దలు తగ్గిపోతున్నారు. అందుకే ఇప్పుడే మొదలుపెట్టాలె. అసలు పుస్తకం ఖాజీ దగ్గరే ఉండనీ. ప్రతి పేజీకి ఫోటో తీయాలె. ఊరివారీగా, తల్లుల పేర్లతో సహా తెలుగులో పట్టిక రాయాలె. ఒక నకలు మసీదులో, ఒకటి ఆర్కైవ్స్‌లో పెట్టాలె. ఎవరికి చూపాలో ఆ కుటుంబాలే చెప్పాలె. చర్చి పుస్తకాలకూ ఇదే పద్ధతి. రెండు వాడల పిల్లలు కలిసి కూర్చుంటే ఈ పని అయితది.